డ్యాష్‌బోర్డు ఇప్పిన దినం

మే నెల, పదకొండో తారీకు.
ముషీరాబాద్‌ల రేకుల షెడ్డు కింద
నా బండి నోరు తెరుసుకొని నిలవడ్డది.

స్టీరింగు ఎనక సీట్ల బోర్ల పండుకున్నది.
డ్యాష్‌బోర్డును ఇద్దరు చెరో దిక్కు పట్టి
పాత బీరువా తలుపు లెక్క
గోడకు ఆనిచ్చిండ్రు.
లోపట వైర్లు, వైర్ల మీద వైర్లు.
ఆరేండ్ల సంది తోలుతున్న,
దీనికి గిన్ని పేగులున్నయని నాకెర్కలే.

“గంత చిన్నదానికి గింత ఇప్పాల్నా భాయ్?”
మక్దూం భాయ్ తల ఎత్తలే.
“కంపెనోల్లు ముందుగాల కూలింగ్ కాయిల్ పెడ్తరక్కా.
దాని సుట్టు బండి కడ్తరు.”

మూడు నెలల్ల మూడుసార్లు గ్యాస్ కొట్టిచ్చిన.
కొట్టిచ్చిన నాడు మంచు,
వారం తిరిగితే ఉడుకు ఊపిరి.
మాదాపూర్‌ల ఎక్కిన పిల్ల ఒకతె
ఫైలుతోని ఇసురుకుంట ఇసురుకుంట
ఉప్పల్‌ల దిగింది. ఏమనలే.
ఒక్క చుక్క ఇచ్చి పోయింది.

పైపులన్నిటికి సబ్బు నురుగు పెట్టి జూసిండ్రు,
యాడ బుడగ రాలే.
“బయట ఏం లేదు. లోపట్నే ఉన్నది” అన్నడు.
గా మాట అన్న తీరుకు
నా కడుపుల కలుక్కుమన్నది.

ఆఖరికి బయటికొచ్చింది,
మా పోరగాని లెక్కల నోటుబుక్కంత.
రేకుల సందుల వేపపూత, ఎవలిదో ఎంటిక,
నల్లటి బంక.
ఊదా రంగు లైటు కొట్టి సూపెట్టిండు:
గొట్టం మలుపు కాడ పచ్చగ మెరిసింది
నువ్వుగింజంత.

ముక్కు కాడ పెట్టుకొని వాసన జూసిండు.
“మొగ్రా” అన్నడు.

పొద్దుగాల లేవంగనే స్టీరింగు ముంగట
రెండు ఊదుబత్తులు తిప్పుత నేను.
సల్లంగ సూడు తల్లీ, సల్లంగ సూడు.
“ఆ పొగంత గిండ్లనే పోయి కూసున్నదక్కా.
తడికి పొగ అంటుకుంటే రేకు తట్టుకోదు.
నేను గూడ దుకాణంల లోబాన్ ఏస్త.
బండ్ల ఎయ్య.”

శైలు అనే పిల్లగాడు
స్క్రూలన్ని గుడ్ల అట్టల వరుసగ పెడ్తున్నడు.
డ్యాష్‌బోర్డు కింద దొరికినయి గూడ అండ్లనే:
మూడు రూపాయి బిళ్లలు, పెన్ను మూత,
ఒక్క చెవి కమ్మ.

కమ్మను జూసి నా నోరు పడిపోయింది.
నిరుడు చలికాలం బర్కత్‌పురామె
నాలుగు సార్లు ఫోన్ జేసింది.
“నా బండ్ల లేదు మేడం” అన్న.
ఆమె ఓ మాట అన్నది, నేను రెండన్న.
అద్దం కింద సందుల నుంచి జారినట్టున్నది.
ఆమె నంబరు ఇప్పుడు యాడ ఎతకాలె?

కొత్త కాయిల్ రాణిగంజ్ నుంచి వచ్చింది.
రెండు రేట్లు చెప్పిండ్రు.
చిట్టి పైసలు తీసి పెద్ద రేటుదే తీస్కున్న.

పంపు పెట్టి ముప్పావు గంట గాలి గుంజిండ్రు.
“ఇగ ఈ సూది దిక్కు జూడు.
కదిలిందంటే మల్ల మొదటికి.”
అసర్ నమాజుకు పోయిండు మక్దూం భాయ్.
నేను, సూది.
చాయ్ వచ్చింది, మీగడ కట్టింది.
ఏ మనిషి ముఖం దిక్కు గూడ
గంతసేపు జూడలే నేను.

కదలలే.

అన్ని బిగిచ్చినంక
గుడ్ల అట్టల ఒక స్క్రూ మిగిలింది.
శైలు నా దిక్కు జూసిండు,
నేను వాని దిక్కు జూసిన.
భాయ్‌కి ఇద్దరం చెప్పలే.

ఏసీ నడిపిచ్చి పెట్టి దిగిన.
బండి కింద ఎండకు పగిలిన సిమెంటు మీద
చుక్క.
ఆగి, ఇంకో చుక్క.
శైలు కింద దోసిలి పట్టి ముఖం కడుక్కున్నడు.
నేను లెక్కవెట్టుకుంట నిలవడ్డ.
ఐదు దాటినయి.

తెల్లారి ఊదుబత్తులు బయటనే తిప్పిన,
బానెట్ కాడ, రోడ్డు మీద నిలవడి.
కమ్మ అద్దానికి దారంతోని ఏలాడుతున్నది,
ఎవలన్న గుర్తువడ్తరేమోనని.
గతుకు వచ్చినప్పుడల్ల
మిగిలిన స్క్రూ జాగాల
బండి కిర్రుమంటది.